పురుగుల గదిలో పెట్టిన కంప్యూటర్

బటన్ నొక్కితే మా కంప్యూటర్ ఒక్కసారి పొట్టిగా కూసి, ఆ తర్వాత తెర వెలిగించుకునేది. ఆ శనివారం పొద్దున అట్లా కూయలేదు. పొడుగ్గా ఒక కూత పెట్టింది. ఆగింది. మళ్లీ అంతే పొడుగ్గా ఇంకోటి. తెర నల్లగానే ఉంది. నాలుగో కూత దాకా చూశాను. ప్లగ్గు పీకేసి వెనక్కి తిరిగితే పిల్లలిద్దరూ బడి సంచులు తగిలించుకుని గడప దగ్గర నిలబడి ఉన్నారు.

"అమ్మా, అది ఏడుస్తాండాదా?" అని అడిగాడు చిన్నవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. మాది పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో, బస్సు దిగి కాస్త లోపలికి నడవాల్సిన పల్లె. అమ్మాయి రెండో తరగతి, అబ్బాయి ఎల్‌కేజీ. ఇద్దరూ పుంగనూరులో చదివేవారు. పాలక్యాన్లతో టౌనుకు పోయే పక్కింటాయన వెంట బస్సెక్కి, సాయంత్రం ఆయన వెంటే దిగేవారు. ఆయన మంచివాడే. అయినా నాలుగు కాకముందే నేను రోడ్డు మీదికి పోయి నిలబడేదాన్ని. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఆ పది నిమిషాల్లో నేను చూడని ప్రమాదం ఉండేది కాదు. టైరు పేలేది, బిడ్డ చెయ్యి కిటికీలో నలిగేది, చిన్నవాడు నిద్రపోయి మదనపల్లెలో దిగేవాడు.

ఆ బడి పెద్ద టీచరమ్మకు నా దగ్గర కంప్యూటర్ ఉందని తెలిసి ఏడాది పరీక్షల పేపర్లు టైపు చేసిమ్మంది. మా అమ్మాయి తరగతివి మాత్రం ఇవ్వలేదు, అది న్యాయమే. మిగతావన్నీ తప్పుల్లేకుండా సోమవారం పొద్దున చేతికందితే జూన్ నుంచి కంప్యూటర్ టీచరు ఉద్యోగం నాదే అని మాటిచ్చింది. పిల్లలెక్కే బస్సే నేనూ ఎక్కొచ్చు, వాళ్లు దూరే గేటే నేనూ దూరొచ్చు. నాకు కావలసింది అంతే. మూడు వారాలు కూర్చుని టైపు చేశాను. అంతా ఆ పెట్టెలో ఉంది, ఒక్క కాగితమూ ఇంకా ప్రింటు తీయలేదు.

రెండు ఫ్లాపీల్లో దాచుకున్నాను కదా అని ధైర్యం తెచ్చుకుని వాటి డబ్బా తెరిస్తే బూజు వాసన కొట్టింది. రేకు పక్కకు జరిపి చూస్తే లోపలి నల్లని చక్రం మీద తెల్లగా బూజు పట్టి ఉంది.

మా ఆయన బోర్లు వేసే లారీతో తమిళనాడు వైపు పోయి వారమైంది. పిల్లలను బస్సెక్కించి, కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో మూటకట్టి, ఒళ్లో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. గుంత వచ్చినప్పుడల్లా దాన్ని కడుపుకు హత్తుకున్నాను. కంప్యూటర్లు బాగుచేసే అంగట్లో అప్పటికే ఇట్లాంటి పెట్టెలు గోడ వారన వరసగా ఉన్నాయి. అక్కడ పనిచేసే అతను నా దుప్పటి ముడి కూడా విప్పలేదు. కూతల సంగతి సగం విని, ఫార్మాట్ కొట్టాలన్నాడు. ఓనరు బెంగళూరుకు పోయి ఉన్నాడట, మంగళవారం రమ్మన్నాడు.

"ఫార్మాట్ కొడితే నేను చేసిన పేపర్లు ఉంటాయా?" అని అడిగాను.

"ఉండవక్కా. కానీ పెట్టె కొత్తదాని మాదిరి అయిపోతుంది."

ఏ జబ్బుకైనా అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క మందే. మూట ఎత్తుకుని వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేశాను.

డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు కుప్పంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసేది. ఆదివారమైతే ఇంట్లో దొరుకుతుందని, పొద్దున్నే పుంగనూరు పోయి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. మొదలు నుంచీ చెప్పబోతే మధ్యలోనే ఆపింది.

"నీ కథ తర్వాత చెబ్దువులే. అది ఎట్లా కూస్తాండాదో చెప్పు ముందు."

"పొడుగ్గా."

"పొడుగ్గా ఒకటీ పొట్టిగా మూడా, ఆగి ఆగి ఒకే రకంగానా? కూసి చూపించు."

బూత్ అద్దాల తలుపు సరిగా మూసుకోదు. బయట బెంచీ మీద ఐదారుగురు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. గోడ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూశాను. వినపడలేదంది. కొంగు తీసి గట్టిగా కూశాను. పొడుగ్గా, ఆగి, మళ్లీ పొడుగ్గా. బూత్ ఆయన బిల్లుల మిషను మీదినుంచి తల ఎత్తాడు.

"ఏమ్మా, మన పుంగనూరుకు రైలే లేదు. నువ్వు ఈడ్నుంచే కూత పెడతాండావే."

బెంచీ మొత్తం నవ్వింది. ఇంకో రోజైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ రోజు మూడోసారి కూడా కూశాను.

"చాల్లేవే, అర్థమైంది," అంది స్నేహితురాలు. "నీ పేపర్లు యాడికీ పోలేదు. అవి ఉండేది వేరే చోట. మెమరీ కార్డు సరిగా ఆనలేదని అది మొత్తుకుంటాండాది, అంతే."

ఏం చెయ్యాలో చెప్పింది. ప్లగ్గు పీకి పక్క రేకు విప్పాలి. లోపల దువ్వెనంత పొడవున్న ఆకుపచ్చ కార్డు ఒకటి గాడిలో నిలబడి ఉంటుంది, రెండు కొనల్లోనూ తెల్లని కొక్కేలు పట్టుకుని ఉంటాయి. వాటిని కిందికి నొక్కితే అదే లేస్తుంది. దాని అంచున ఉన్న పసుప్పచ్చని గీతలను పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్లీ గాడిలో దించాలి. అంతా బిల్లు కాగితం వెనక రాసుకున్నాను.

కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో రేకు విప్పేటప్పుడు పిల్లలను గది బయటే ఉండమన్నాను. ప్లగ్గు నా చేత్తోనే పీకాను, అయినా మూడుసార్లు చూసుకున్నాను. మా అత్త మాత్రం వచ్చి పక్కన కూర్చుంది. లోపల తీగలు, ఫ్యాను, పలకలు, అన్నిటి మీదా తెల్లగా పొడి. అత్త వేలితో కొంచెం తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసింది.

"ఇది దుమ్ము కాదు. మన పురుగుల సున్నం."

అప్పటికి గానీ నాకు తట్టలేదు. మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులు మేత మాని కదలకుండా పడుకునే దశను మావాళ్లు జ్వరం అంటారు. అప్పుడు రోగాలు రాకుండా వాటి మీద సున్నపు పొడి చల్లుతారు. గది చల్లగా ఉండాలని ఎండాకాలం కిటికీలకు తడి గోనెపట్టలు కడతారు. మదనపల్లె కాలేజీలో మా కంప్యూటర్ ల్యాబుకు ఏసీ ఉండేది, చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవాళ్లం. పురుగుల గదీ మా ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదే. అక్కడా చెప్పులు బయటే. మార్చి ఎండలు మొదలవగానే ఇంతకన్నా మంచి చోటు లేదని కంప్యూటర్‌ను నేనే అందులోకి మార్చాను. ఆ పెట్టె వేడికి పురుగులు మేత మానేస్తాయని అత్త అప్పుడే వద్దంది. పురుగులు బాగానే ఉన్నాయి. తేమా సున్నమూ తిని మూలపడింది కంప్యూటర్.

"కాలేజీలో ఇదొక్కటీ చెప్పలేదా నీకు," అంది అత్త.

కొక్కేలు నొక్కాను. కార్డు లేచింది. మా అమ్మాయి రబ్బరుతో మెల్లగా తుడిచాను. నల్లబడిన గీతలు మళ్లీ మెరిశాయి. గాడిలో దించి, దేవుణ్ణి తలుచుకుని బటన్ నొక్కాను. పొడుగ్గా కూసింది. ఆగింది. మళ్లీ కూసింది.

అత్త ప్లగ్గు వైపు చూపించింది. పీకి, కార్డును మళ్లీ పైకి తీశాను. ఆమె వంగి గాడిలోకి చూసింది.

"సన్నగా ఆ సందులో గూడా ఉండాది సూడు. బట్ట దూరదు. ఉండు."

లేచి పోయి కోడి ఈక తెచ్చింది. గుడ్ల అట్ట మీద అప్పుడే పుట్టిన పురుగులను, వెంట్రుకంత ఉంటాయి అవి, ఒక్కటి కూడా నలగకుండా తట్టలోకి దించే ఈక అది. ఇరవై ఏళ్లుగా ఆ పని ఆమెదే. గాడి ఈ కొన నుంచి ఆ కొనకు ఈకను నడిపిస్తూ, మధ్యమధ్య ఊదుతూ సున్నమంతా బయటికి తెచ్చింది. నేను ముట్టి ఉంటే ఏదో ఒకటి విరిచేదాన్ని. కార్డును మళ్లీ దించాను. ఈసారి రెండు కొక్కేలూ టక్కుమని వాటంతట అవే పడ్డాయి.

బటన్ నొక్కాను. పొట్టిగా ఒక్క కూత. తెర వెలిగింది.

అత్త నా వీపు మీద ఒక్కటి చరిచింది. బయట కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్న పిల్లలు గెంతులేశారు. శుక్రవారం సాయంత్రం నేను టైపు చేస్తుండగానే కరెంటు పోయి ఉండటం వల్ల డిస్కు అంతా ఒకసారి తనిఖీ చేసుకుంటానని నీలం తెర వచ్చింది. పసుపు గీత ఈ కొన నుంచి ఆ కొనకు పాకేదాకా ఎవరినీ ఏదీ ముట్టనియ్యలేదు. ఆ తర్వాత ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచాను. ఆరో తరగతి సాంఘికం, ఏడో తరగతి తెలుగు, ఎనిమిది లెక్కలు. అన్నీ ఉన్నాయి. నేను ఆఖరున సేవ్ చేసిన చోట సగం వాక్యం కూడా అట్లాగే ఉంది.

ముందు దాన్ని పురుగుల గదిలోంచి మోసుకొచ్చి నడవలో పెట్టుకున్నాం. మిగిలిన పేపరు పూర్తి చేసి, పొద్దు గూకేదాకా ప్రింటు తీశాను. ప్రింటరు గరగరమని గొలుసుగా కాగితం తోస్తుంటే అత్త అందుకుని మడతల మీద చింపి దొంతర పెట్టింది. చదవడం రాకపోయినా ఒక్క కాగితాన్నీ తలకిందులుగా పెట్టలేదు.

ఇంకా జరగనిదాన్ని జరిగినట్టు చెప్పడానికి నాకు ఎప్పుడూ భయమే, ఆ రోజు తప్ప. సోమవారం పొద్దున పేపర్ల కట్ట సంచిలో పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని గడప దాటుతుంటే, ఎక్కడికని పిల్లలు అడిగారు.

"మీతోనే," అన్నాను. "ఈ పొద్దు నేనూ మీ బస్సే ఎక్కుతాండాను. జూన్ నుంచి రోజూ ఎక్కుతాను. కిటికీ పక్కన నన్ను కూచోనియ్యండి."