నూట నలభై నాలుగో పిట్ట

పరశురాములు కూతురు అక్షితకు పిట్టల పిచ్చి పట్టి నాలుగేళ్లయింది. పిచ్చి అన్నది ఊరివాళ్ల మాట. ఆ పిల్ల మాత్రం దాన్ని చదువుకన్నా శ్రద్ధగా చేసేది. ఎనిమిదో తరగతిలో సైన్సు చెప్పిన సుహాసిని మేడం బదిలీ మీద పోతూ తన పాత దుర్బీను అక్షిత చేతిలో పెట్టి, లిస్టు ఎలా రాయాలో చెప్పి వెళ్లింది. కొత్త పిట్ట కనబడితే నంబరు వేయాలి. పేరు, తేదీ, జాగా, ఎన్ని కనిపించాయి, అన్నీ రాయాలి. తన ఇష్టాన తాను తిరిగే పిట్టే లెక్క. పంజరంలోది రాయకూడదు, చచ్చిపడి ఉన్నది రాయకూడదు, అనుమానం ఉంటే అసలే రాయకూడదు.

"నీ నోట్‌బుక్కు ఎవరూ దిద్దరమ్మా. అందుకే అందులో అబద్ధం ఉండొద్దు" అంది మేడం.

ఆ మాటను అక్షిత ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఒకసారి అరవై ఒకటో నంబరు వేసిన పిట్ట కొత్తది కాదని, ముందే రాసుకున్న జాతిలోనే ఆడదని రెండు నెలల తర్వాత తెలిసి, ఆ వరుస కొట్టేసి, కింద ఉన్న నంబర్లన్నీ దిద్దుకుంది. ఆ పూట అన్నం కూడా తినలేదు. ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చేసరికి లిస్టు నూట నలభై మూడుకు చేరింది.

ఇక తండ్రి సంగతి. కట్టంగూర్ అవతల, హైవే నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే, నల్లగొండ ఆసామి దశరథ్ తవ్వించిన చేపల చెరువు ఉంది. పరశురాములు దానికి కాపలా. రాత్రి అక్కడే గుడిసెలో పడుకుంటాడు. దొంగల కన్నా ఆయనకు పిట్టలతోనే పని ఎక్కువ. నీటికాకులు దిగితే రేకు డబ్బా మోగించాలి, కొంగలు వాలితే కేకలు వేయాలి, దేనికీ బెదరని వాటి కోసం సుతిలి బాంబు పేల్చాలి. బిడ్డ వెతుక్కునే పిట్టలను తండ్రి తరిమికొట్టడమే ఆ ఇంటి జీవనాధారం.

"నాయిన ఎల్లగొడ్తడు, బిడ్డ పేరు రాసుకుంటది. మీ ఇద్దరి నడుమ ఆ పిట్టలకు నిమ్మళం లేకుంటైంది" అని తల్లి భద్రమ్మ నవ్వేది.

నవ్వులాట ఒక్క పిట్ట దగ్గర ఆగిపోయింది. చేపల గద్ద అది. పుస్తకంలో ఆస్ప్రే అని ఉంటుంది. ఎక్కడో చలిదేశాల నుంచి వచ్చి, చలికాలమంతా ఉండి, ఎండలు ముదిరే ముందు వెళ్లిపోతుంది. మూడేళ్లుగా ఆ చెరువుకు వస్తోంది. మూడేళ్లుగా అక్షిత దాన్ని చూడలేదు. చూసిందల్లా పరశురాములే.

"పొద్దుగాల మల్ల వచ్చిందే బిడ్డా. తెల్ల తలకాయ, కన్ను పొంటి నల్ల పట్టి. గింత రవ్వచేపను కాళ్లల్ల ఇరికిచ్చుకొని పోయింది" అని చేతులు బారెడు చాపి చూపించేవాడు. ఆయన చేతుల్లో ఆ చేప ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది.

అక్షితకు ఒళ్లు మండేది. పిట్టను పట్టించుకోని మనిషికి రోజూ దర్శనం, దాని కోసం కలవరించే మనిషికి దాని ఈక కూడా దొరకదు. తెల్లారి బర్రె పాలు పిండి, పాలకేంద్రంలో పోసి, సైకిల్ తొక్కుకుంటూ చెరువు చేరేసరికి గట్టు మీద బాంబు పొగ వాసన మాత్రమే మిగిలేది.

"జర ఆగరాదు నాయినా? నేను వచ్చేదాంక ఎల్లగొట్టకపోతే ఏమాయె?"

"నేను జర ఆగితే నా నౌకరి మొత్తానికే ఆగుతది."

అయినా ఈ చలికాలం ఊరుకోలేదు. పరీక్షలు కాగానే డిగ్రీకి హైదరాబాద్ హాస్టల్‌కు పోవాలి. ఇప్పుడు చూడకపోతే ఇక ఎప్పుడు? అడిగింది, అలిగింది, రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. పరశురాములు బాంబులకు బెదరడు గాని, బిడ్డ మూతి ముడిస్తే మాత్రం మనిషి మనిషిలా ఉండడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఆయనే ఫోన్ చేశాడు. "రేపు ఆసామి పెండ్లికి పోతుండు. పాలు మీ అమ్మ పోస్తది. నువ్వు చీకటితోనే రా. ఒక్కపూట బాంబు పేల్చ. నీ కండ్ల నిండ చూసుకో."

"చేప పోతే సారు తిట్టడా?"

"పోదు తియ్యి. మొన్ననే చెరువు మీద సన్న దారాలు కట్టినం. అది కిందికే రాదు. మీద మీదనే తిరిగి పోతది."

ఆ దారాలను కట్టింది పరశురాములే, ఇద్దరు కూలీలతో కలిసి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మూరెడు ఎడంతో నైలాన్ దారం. పిట్ట చూసి భయపడి దిగదని ఆసామి చెప్పాడు, ఈయన నమ్మాడు. అక్షితా నమ్మింది. నమ్మాలన్న ఆశ ఎక్కువైనప్పుడు మనిషి ప్రశ్నలు వేయడు.

ఆదివారం తెల్లవారుతుండగా ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఏడు కాకముందే తూర్పు నుంచి వచ్చింది. పెద్ద రెక్కలు, మణికట్టు దగ్గర వంగినట్టు. తెల్లని పొట్ట, కంటి మీదుగా నల్లని పట్టీ. అనుమానం లేదు. చెరువు మీద ఒకచోట రెక్కలాడిస్తూ నిలబడిపోయింది. అక్షిత దుర్బీనును కళ్ల మీది నుంచి దించడం లేదు. నవ్వు ఆగడం లేదు. పరశురాములు పిట్టను చూడలేదు, బిడ్డ మొహాన్నే చూశాడు.

అది రెక్కలు ముడిచి, కాళ్లు ముందుకు చాపి, రాయిలా కిందికి వచ్చింది. దారాలు దానికి కనబడలేదు.

నీళ్లకు మూరెడు మీద ఒక్కసారిగా ఆగి, తలకిందులై, గిలగిలా కొట్టుకుంది. కొట్టుకున్న కొద్దీ దారం రెక్కలోకి దిగింది.

"నాయినా!" అని అరిచింది అక్షిత. అప్పటికే ఆయన మేత చల్లే తెప్ప మీదికి దూకి, చెరువు నడిమికి తోసుకుంటూ పోతున్నాడు. తన చేతులతో కట్టిన దారాలను కొడవలితో కోసుకుంటూ పోయాడు. ఆసామి గుర్తుకు రాలేదు. పిట్ట గోళ్లు ముంజేతిలో దిగినా వదల్లేదు. తువ్వాలలో చుట్టి గట్టుకు తెచ్చేసరికి ఎడమ రెక్క మొదట్లో విరిగి వేలాడుతోంది.

ఫోన్లు మొదలయ్యాయి. పశువుల దవాఖాన మూసి ఉంది. సుహాసిని మేడం దెబ్బతిన్న పిట్టలను కాపాడేవాళ్ల నంబరు ఒకటి ఇచ్చింది. ఆ నంబరాయన మంచిగానే మాట్లాడాడు, అట్టపెట్టెలో పెట్టి చీకట్లో ఉంచమన్నాడు, బండి వేరే ఊరిలో ఉంది, సాయంత్రానికి వస్తామన్నాడు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అదే ఆ పిల్లకు ఎక్కువ బాధగా ఉంది. కోపం తెచ్చుకుందామంటే కూడా మనిషి దొరకలేదు.

పరశురాములు చెరువులోంచి ఒక బొచ్చెచేపను పట్టి, ముక్కలు కోసి పెట్టె ముందు పెట్టాడు. "తిను, తిను" అన్నాడు. మూడేళ్లుగా దానికి ఒక్క చేప దక్కకూడదని కాపలా కాసిన మనిషి. అది ముట్టలేదు. పసుపుపచ్చని కన్నుతో ఆయన్నే చూస్తూ ఉంది. పొద్దు నడినెత్తికి వచ్చాక చూడటం మానేసింది.

పరశురాములు నోట్‌బుక్కు తెచ్చి బిడ్డ ముందు పెట్టాడు.

"బిడ్డా, రాసుకో."

"వద్దు నాయినా."

"ఎందుకు వద్దు? చచ్చింది రాయొద్దంటవు గద. నువ్వు ఎగరంగనే చూసినవు. నేను సాక్షి. రాసుకో బిడ్డా, నీకు దండం పెడ్త."

ఆయన చెప్పింది నిజం. ఏ నియమం ప్రకారం చూసినా అది లెక్కకు వస్తుంది. లిస్టులో అంత అనుమానం లేని పిట్ట ఇంకొకటి లేదు. రాయకపోతే తండ్రి చేసిందంతా ఉత్తదే అవుతుంది, రాద్దామంటే మనసొప్పడం లేదు. చివరికి ఆయన మొహం చూడలేకే నోట్‌బుక్కు తెరిచింది. నంబరు వేసింది. పేరు, తేదీ, జాగా రాసింది. ఎన్ని కనిపించాయి అన్న చోట ఒకటి అని రాసింది.

"రాసినవా?"

"రాసిన."

పరశురాములు పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాల కొసను దాని తల మీదికి జరిపాడు.

"మూడేండ్ల సంది దినాం ఎల్లగొట్టిన దీన్ని" అన్నాడు. "ఒక్కనాడు ఎల్లగొట్టకపోతిని."