కళ్ళద్దాలమ్మ కొన్న పాటపెట్టె

కళ్ళద్దాలమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. చీకటి గదిలో మనల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేమ్ పెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా?" అని మెత్తగా అడుగుతుంది. ఆ గొంతుకి సగంమందికి నిద్ర ముంచుకొస్తుంది. అయినా ఆవిడ దగ్గర అబద్ధాలు చెల్లవు. విసుగొచ్చి "రెండూ ఒకటేనమ్మా" అన్నారనుకోండి, అద్దం మార్చినట్టు టక్కున చప్పుడు చేసి, మార్చకుండానే మళ్ళీ అడుగుతుంది. "ఆఁ, ఇది నయం" అన్నారో, దొరికిపోయారన్నమాటే!

ఆవిడ మొగుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. సాయంత్రం ఆవిడ కొట్టు కట్టేసి వచ్చి సోఫాలో కూలబడగానే, ఆయన రికార్డు తుడిచి గ్రామఫోను పళ్ళెం మీద పెట్టి, ముల్లు మెల్లిగా ఆనించేవాడు. ముందు చిటపటమని చప్పుడు, ఆ తర్వాత పాట. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన అలవాటు అది. కిటికీలో వెలుతురు పసుపు వదిలి బూడిదరంగుకు తిరిగేదాకా ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. మెలకువో కలో తెలియని ఆ కాసేపు కోసమే ఆవిడ రోజంతా నిలబడి పనిచేసేది.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. కుంచె పక్కన పెట్టేశాడు. దానికీ ఓర్చుకున్నాడు. కానీ ఒక సాయంత్రం ముల్లు జారి, ఆవిడకు ప్రాణమైన పాట మీద అడ్డంగా గీత పడింది. ఆ రోజు మూత వేసినవాడు మళ్ళీ తీయలేదు. "నేను పెడతానండీ" అంటే "వద్దులే, తలనొప్పిగా ఉంది" అనేవాడు. ఫోనులో అవే పాటలు వినిపిస్తే మొహం చిట్లించి, "ఎండబెట్టి తెచ్చినట్టుంది" అన్నాడు. ఇక ఆయన గదిలో ఆయన, వంటింట్లో ఈవిడ. ఎదురుగా ఉన్న మనిషే చెయ్యిజారిపోతున్నాడని ఆవిడకు బెంగ పట్టుకుంది. పాటలో తడి లేకపోవడమే కారణమనుకుంది, పిచ్చితల్లి.

అలా వెళ్ళింది పాటల యంత్రాలమ్మే దుకాణానికి. షాపాయన పెట్టుకున్న కళ్ళజోడు ఆవిడ చేసిందే కాబట్టి మర్యాదకు లోటు జరగలేదు. ఫోనులో పాట అంకెల రూపంలో ఉంటుందనీ, ఆ అంకెల్ని ధ్వనిగా మార్చే పెట్టెను కన్వర్టర్ అంటారనీ, పెట్టెను బట్టి పాట తీరు మారుతుందనీ ఓపికగా చెప్పాడు.

"ఇది కొంచెం వెచ్చగా ఉంటుందమ్మా. అచ్చం రికార్డులాగే."

"వెచ్చగానా? పాటకేమైనా జ్వరమొచ్చిందా?"

"నవ్వకండి. వింటే మీకే తెలుస్తుంది."

మెత్తటి గోడల గదిలో కళ్ళు మూసుకొని వింది. మొదటి పెట్టెలో పాడే ఆవిడ గాజు తలుపు వెనక నిలబడ్డట్టుంది. రెండోదాంట్లో దగ్గరకొచ్చి కూర్చుంది. మూడోదాంట్లో ఆ పాడే ఆవిడ ఊపిరి కూడా వినబడింది. "ఇది బాగుందా, అది బాగుందా?" అని షాపాయన అడుగుతుంటే కళ్ళద్దాలమ్మే నీళ్ళు నమిలింది. నచ్చనివి తిరిగిచ్చేస్తానని చెప్పి, మూడూ ఇంటికి మోసుకొచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆయన్ని బతిమాలి సోఫాలో కూర్చోబెట్టింది. తను బల్ల దగ్గర నిలబడి వైర్లు మార్చింది.

"ఇది బాగుందా?"

"బాగుంది."

"మరి ఇది?"

"అదీ బాగుంది."

"ఇది ఇంకొంచెం వెచ్చగా లేదూ?"

"ఆఁ, ఉంది ఉంది."

ఆవిడకు ఒళ్ళు మండింది. వైరు కదిలించినట్టే కదిలించి, మార్చకుండా అదే పాట మళ్ళీ వేసింది.

"అన్నిటికన్నా ఇదే నయం," అన్నాడాయన, గోడకేసి చూస్తూ.

"దొరికిపోయారు! నేను మార్చనేలేదు. ఇంతసేపూ నేనేమంటే దానికి తలూపుతున్నారా? నన్ను బుజ్జగించడానికి నేనేమైనా చిన్నపిల్లనా? మీకోసమని నేను..."

పాట తన మానాన తను సాగుతోంది. ఆయన ఒళ్ళో ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకున్నాడు.

"పాటకేమే, బంగారంలా ఉంది. నిజానికి ఫోనులోనూ బాగానే ఉంది. ఇన్నేళ్ళూ నువ్వు అలిసిపోయి వస్తే పాట నేను పెట్టేవాణ్ణి. ఇప్పుడు నువ్వు నిలబడి పెడుతుంటే, నేను మనింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుంది. తట్టుకోలేకపోతున్నానే."

ఊరందరి కళ్ళల్లోకి తొంగిచూసిన మనిషి, ఇంట్లోవాడి బాధ కనిపెట్టలేకపోయింది. తన మీద తనకే కోపమొచ్చింది.

పెట్టెల వైపు మళ్ళీ చూసింది. రెండింటికి వేలిగోరంత బొత్తాలు. గాజు తలుపు వెనక పాడినట్టున్న మొదటి పెట్టెకు మాత్రం సౌండు పెంచడానికి గుప్పెడంత ఇనుప నాబ్ ఉంది. వైర్లు దానికి మార్చి, ఎత్తి తెచ్చి, స్టూలు మీద ఆయన ముందు పెట్టింది.

"మీరే పెట్టండి."

"చెయ్యి వణుకుతుందే."

"వణకనివ్వండి. ఇక్కడ గీత పడేదేం లేదు."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. నాబ్‌ను గుప్పిట పట్టుకొని తిప్పాడు. చెయ్యి కొంత కుదుటపడింది, పూర్తిగా కాదు. ఆ వణుకుతో పాటే పాట కాస్త పెరిగి, కాస్త తగ్గి, మళ్ళీ పెరిగి, ఊగుతూ గదంతా నిండింది. ఆవిడ ఆయన పక్కన చేరి కళ్ళు మూసుకుంది. రెప్పల కింద నీళ్ళు తిరిగినా తుడుచుకోలేదు.

"ఇంకొంచెం పెంచండి," అంది.

ఆయన పెంచాడు.