కూత తెగిన చోటు

మొన్న మార్చిలో పనిమీద గుంటూరు వెళ్ళాను. మిర్చి బస్తాల లారీలు బారులు తీరిన రోడ్డులో మా ఆటో ఇరుక్కుపోయింది. ఎండకు ఘాటు లేచి గాలంతా మండుతోంది. పక్కన కూర్చున్నవాళ్ళు కొంగులూ రుమాళ్ళూ ముక్కుకు అడ్డం పెట్టుకొని ఒకటే దగ్గు. నేను మాత్రం నోరు మూసుకొని, ముక్కుతో సన్నగా గాలి పీల్చి, పొట్టలోకి దించి, నెమ్మదిగా వదులుతున్నాను. ఒళ్ళు దానంతటది చేస్తున్న పని అది. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి, "ఏంటండీ, మీకు కోరు దగ్గు రావట్లేదా?" అన్నాడు. "అలవాటయ్యా" అన్నాను. ఆ అలవాటు చేసిన మనిషి దానియేలు మాస్టారు.

ఎనభైల మొదట్లో, చీరాల నుంచి గంట బస్సు ప్రయాణంలో, పత్తి చేలకూ మిరప చేలకూ మధ్యనున్న మా డిగ్రీ కాలేజీలో ఆయన ఆటల మాస్టారు. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉండేవారు. ఎడమచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. మెళ్ళో విజిల్ ఉన్నా ఊదగా నేను విన్నది తక్కువ. రెండు చేతులూ ఛాతీ దగ్గర చేర్చి చప్పట్లు కొట్టేవారు, గ్రౌండు ఆ చివరనున్నవాడు కూడా ఆగిపోయేవాడు. మా కాలేజీకి చదువులో పెద్ద పేరేమీ లేదు. ఉన్న పేరంతా కబడ్డీలోనే, అందులోనూ కూతగాళ్ళ వల్ల. గీత దాటి, కూత పెడుతూ ఒంటరిగా అవతలి జట్టులోకి వెళ్ళేవాణ్ణి మేం కూతగాడు అనేవాళ్ళం. మాస్టారి గదిలో గోడకు పాత కూతగాళ్ళు ముగ్గురి ఫొటోలు ఉండేవి. మస్తాన్ కాలు చాపితే బొటనవేలు తగిలిన సంగతి తగిలినవాడికే తెలిసేది కాదట. నాగభూషణం పట్టుకోవడానికి వచ్చినవాళ్ళ తలల మీదుగా దూకేవాడట. కోటయ్యను ముగ్గురు పట్టుకుంటే ముగ్గుర్నీ ఈడ్చుకొచ్చేవాడట. వీళ్ళలో ఎవరు గొప్ప అన్న తగువు గేటు ఎదుటి టీకొట్టులో ఏళ్ళ తరబడి తెగలేదు. మా క్లాసులోని బ్రహ్మయ్య ఆడటం మొదలుపెట్టాక ఆ తగువులో నాలుగో పేరు చేరింది. మాస్టారిని అడిగితే నవ్వేవారే తప్ప ఎప్పుడూ బయటపడేవారు కాదు.

నేను ఆ గుంపులో పడవలసినవాణ్ణి కాను. మా నాన్నగారు శివాలయంలో అర్చకులు. ఎనిమిదో ఏట నుంచీ తెల్లవారకముందే లేపి నాచేత మంత్రాలు వల్లె వేయించేవారు. సన్నగా పుల్లలా ఉండేవాణ్ణి. మొదటి సంవత్సరం కాలేజీ వార్షికోత్సవంలో ప్రార్థన నేనే చదివాను. వేదిక దిగుతుంటే మాస్టారు ఎదురొచ్చారు.

"ఏమయ్యా, మధ్యలో ఊపిరి ఎక్కడ తీశావు?"

"తీయలేదండీ."

"అబద్ధమాడకు."

"నిజమేనండీ."

ఆయన చేతి గడియారం వైపు చూస్తూ, "ఏదీ, మళ్ళీ చదువు" అన్నారు. అక్కడే నిలబడి చదివాను. అయ్యాక, "రేపు పొద్దున ఆరింటికి గ్రౌండుకి రా. చెప్పులొద్దు" అన్నారు. ఆ రోజుల్లో మా ఆటల్లో కూతకు గడియారం పెట్టేవాళ్ళు కాదు. ఊపిరి ఉన్నంతసేపూ కూతే, తెగితే అవుట్. నా దగ్గర ఉన్నది ఆ ఊపిరి ఒక్కటే.

నాలుగో రోజుకే మోచేతులు చెక్కుకుపోయాయి. వారం తిరిగేసరికి నాన్నగారికి తెలిసింది. ఆ ఆదివారం మాస్టారు సైకిలు మీద మా ఊరొచ్చి, వీధి అరుగు కింద నిలబడ్డారు. ఎక్కి కూర్చోమని నాన్నగారు అనలేదు. మాస్టారూ ఎదురుచూసినట్టు కనబడలేదు.

"మావాడికి ఈ మట్టిలో పొర్లడాలెందుకండీ?" అన్నారు నాన్నగారు.

"నేను కొత్తగా నేర్పిందేం లేదండీ. ఆ ఊపిరి మీరు పోసిందే."

"పోనీ, అందులో గొప్పవాడవుతాడా?" అన్నారు నాన్నగారు.

"అవడండీ" అన్నారు మాస్టారు, నా ఎదుటే. "కాళ్ళలో అంత వేగం లేదు. కానీ పడ్డ ప్రతిసారీ ఇంకా కూత పెడుతూనే ఉన్నాడు. అలాంటివాణ్ణి నేను వదులుకోలేను."

నాకు తల కొట్టేసినట్టయింది. నాన్నగారు మాత్రం మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూశారు. పొగిడి పిల్లవాణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన మనిషి కాదని అర్థమైనట్టుంది. "సంధ్యావందనం మానకూడదు" అని నాతో అని లోపలికి వెళ్ళి, మజ్జిగ ఆయనే స్వయంగా పట్టుకొచ్చారు. అరుగు మీద జరిగి చోటిచ్చారు. ఆ చోటు ఆ తరువాత ఎన్నో ఆదివారాలు మాస్టారిదే అయింది.

రెండో సంవత్సరం గుంటూరులో కాలేజీల పోటీల్లో ఫైనలుకు వచ్చాం. అవతల డెల్టా వైపు జట్టు, ఒక్కొక్కడూ ఒక్కో గుంజలా ఉన్నాడు. ఆట ముగియడానికి ఇంకా చాలా సమయం ఉండగానే బ్రహ్మయ్య చీలమండ మడతపడింది. చివరికొచ్చేసరికి మేం రెండు పాయింట్లు వెనకబడ్డాం. ఆఖరి కూత మాదే. మాస్టారు నా వైపు చూశారు. "సార్, నేనా?" అన్నాను. "నువ్వే. మీద ఎంతమంది పడ్డారో చూడకు, గీత ఎటుందో చూడు" అన్నారు.

వెళ్ళాను. చెయ్యి చాచానో లేదో ఒకడు మడమ పట్టేశాడు. మరొకడు నడుము, ఆపైన ఇద్దరు. నోట్లో మట్టి. నలుగురి కిందా కూత పెడుతూనే మోచేతుల మీద జరిగాను. జనం కేకల్లో నా గొంతు నాకే వినబడలేదు. చేయి గీతను తాకింది. రిఫరీ చెయ్యెత్తాడు. పట్టుకున్న నలుగురూ అవుట్. ఆట మాది. కుంటుకుంటూ వచ్చి బ్రహ్మయ్య నన్ను పైకెత్తేశాడు.

మాస్టారు మాత్రం గీత దగ్గరే నిలబడి ఉన్నారు. నేను దగ్గరికి వెళ్ళాక నెమ్మదిగా అడిగారు. "తెగిందా?"

తెగింది. గీత ఇంకా జానెడు దూరం ఉండగా నా గొంతులో గాలి అయిపోయింది. పెదవులు ఆడాయి, కూత లేదు. ఆ సంగతి ఆ మైదానంలో నాకొక్కడికే తెలుసు. ఆయన అనుమానపడ్డారు, అంతే. "జానెడు ముందు" అన్నాను.

రిఫరీకి చెప్పమనీ ఆయన అనలేదు, వద్దనీ అనలేదు. నన్ను చూస్తూ నిలబడ్డారు. నా వెనకాల మావాళ్ళ కేకలు, ఈలలు. ఆ పది అడుగులూ రిఫరీ దగ్గరికి ఎలా నడిచానో ఇప్పటికీ చెప్పలేను. అతను నాచేత రెండుసార్లు చెప్పించుకొని, బల్ల దగ్గరున్న పెద్దలతో మాట్లాడి, తీర్పు మార్చాడు. కప్పు అవతలివాళ్ళది. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. "నిన్నెవడడిగాడురా!" అని ఒక్కసారి అరిచి, బ్రహ్మయ్య నెల రోజులు నాతో మాట్లాడలేదు. బస్సు సగం దూరం వచ్చాక మాస్టారు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఓదార్చలేదు. "ఆ జానెడు సంగతి చూద్దాం" అన్నారు.

సంక్రాంతి వెళ్ళాక మిరప కోతలు మొదలయ్యాయి. ఊరి చివర కల్లాల్లో కాయ ఎండబోసేవారు. రైతును అడిగి, గాలివాలు చూసి, కల్లం అంచున మాస్టారు ముగ్గుపిండితో గీత గీశారు. మొదటి రోజు పది క్షణాలు కూత పెట్టలేకపోయాను. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు. కాయ తిరగేస్తున్న రైతు పార ఆనించుకొని నిలబడి, "ఒరేయ్ పంతులూ, నీకేమన్నా పిచ్చెక్కిందా?" అని నామీద అరిచాడు. మాస్టారూ పక్కనే నిలబడి దగ్గుతూ, "ఇక్కడ నిలబడ్డ కూత ఇంకెక్కడా తెగదు. మళ్ళీ" అనేవారు. రోజూ సాయంత్రం అదే. ఘాటును గొంతులోకి రానివ్వకుండా గాలిని ఎలా తీయాలో, ఎలా దాచుకోవాలో ఒళ్ళు మెల్లగా నేర్చుకుంది. కోపం తగ్గాక బ్రహ్మయ్య కూడా రావడం మొదలుపెట్టాడు. నా నడుము మీద కూర్చొని, "జరగరా, జరుగు" అనేవాడు. కల్లాలు ఎత్తేశాక గ్రౌండులో, అలా ఏడాది గడిచింది.

మూడో సంవత్సరం ఫైనలు గెలిచాం. గెలిపించినవాడు బ్రహ్మయ్యే, అందులో నాకు సందేహం లేదు. నేను వెళ్ళిన ఒక కూతలో మాత్రం ముగ్గురు పట్టుకున్నారు. ముగ్గురి కిందనుంచి గీత దాటాను, దాటాక కూడా కూత వినబడుతూనే ఉంది. బయటికొచ్చాక మాస్టారు అదే ప్రశ్న అడిగారు. "తెగిందా?" "లేదు సార్." ఆయన తల ఊపి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

నేను లెక్కల మాస్టారినై, పెళ్ళి చేసుకొని, ఊళ్ళు మారాక, చాలా ఏళ్ళకు ఆయన్ను చూడటానికి వాడరేవు వెళ్ళాను. రిటైరై సముద్రం దగ్గర చిన్న ఇంట్లో ఉంటున్నారు. మాటల మధ్య, అంతకాలం మనసులో ఉన్నది అడిగేశాను. "మన కాలేజీ కూతగాళ్ళలో ఎవరు గొప్ప సార్? ఇప్పుడైనా చెప్పండి."

ఆయన తడుముకోలేదు. "మస్తాన్ మొదటివాడు. తరువాత మీ బ్రహ్మయ్య. తరువాత నాగభూషణం, కోటయ్య."

"మరి నేను?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చారు. "తొమ్మిది" అన్నారు.

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ తొమ్మిదిని నేను ఇంటికి పదిలంగా తెచ్చుకున్నాను. ఆయన నోటి నుంచి ఊరికే వచ్చే అంకె కాదది. మరుసటి ఏడు ఆయన పోయారు.

ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. బోర్డు మీద నేను తప్పు చేసిన రోజులున్నాయి, ఎవరూ గమనించని తప్పులు. ఇంట్లోనూ బయటా, మధ్యలో ఊపిరి అయిపోయి పెదవులు మాత్రం ఆడించిన పనులున్నాయి. అలాంటప్పుడు డస్టరు తీసుకొని, ఇదిగో, ఇక్కడ తెగింది అని నలుగురి ఎదుటా చెప్పి, మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టడం నాకు చేతనవును. పది అడుగులు నడిచి చెప్పడం ప్రతిసారీ కష్టమే. ఇప్పటికీ నడుస్తున్నాను.