ఇరవై రెండు రోజుల మేనేజరు

ఆయన్ని చుట్టాలంతా "కాబోయే మేనేజరు గారు" అనేవారు. ఆ పేరు పెట్టింది బావమరిది. పెళ్ళైన కొత్తలో ముద్దుకి పెట్టాడు, తర్వాత వెటకారానికి వాడాడు, చివరికి అందరికీ అదే అలవాటైపోయింది. ముప్పై ఏళ్ళు కాబోయేవాడిగానే ఉండిపోవడం ఎంత నరకమో ఆ బావమరిదికేం తెలుసు!

మొదట ఆ బ్యాంకు చిన్నది. నలుగురు వర్తకులు కలిసి పెట్టుకున్నది, మొత్తం పదకొండు శాఖలు. ఆయన ఇరవై రెండేళ్ళకి గుమాస్తాగా చేరి ముప్పైకి ఆఫీసరయ్యాడు. ఏటా సీనియారిటీ జాబితా నోటీసు బోర్డుకి అంటించేవారు. మేనేజర్లు కావలసినవాళ్ళలో ఆయన మూడోవాడు. "ఇంకెంత, మహా అయితే రెండేళ్ళు" అని భార్యకి చెప్పాడు. ఆవిడ నమ్మింది. నమ్మడం తప్ప ఆవిడ చేసిన నేరమేమీ లేదు.

ఆ రెండేళ్ళు నిండకముందే పొరుగు జిల్లా బ్యాంకొకటి వచ్చి దీన్ని కలుపుకుంది. కలుపుకోవడమంటే మింగడమే, కాగితాల మీద మర్యాదగా రాస్తారంతే. చేరినవాళ్ళ సర్వీసు కలిసిన రోజు నుంచే లెక్కన్నారు. దాంతో మూడోవాడు కాస్తా నూట నలభయ్యోవాడయ్యాడు. అక్కణ్ణుంచి పద్దెనిమిదేళ్ళు ఒకరు రిటైరై, ఒకరు మానేసి, ఒకరు కన్నుమూసి ఆయన అంకె తగ్గుతూ వచ్చింది. వీడ్కోలు సభల్లో చప్పట్లు కొడుతూనే మనసులో ఒకటి తీసేసుకునేవాడు. ఒకసారి తోటి ఉద్యోగి పోయాడన్న కబురు వినగానే ముందు ఆ అంకే గుర్తొచ్చింది. తన మీద తనకే అసహ్యమేసి ఆ పూట అన్నం ముట్టలేదు.

తీరా అయిదోవాడయ్యేసరికి, అంతకన్నా పెద్ద బ్యాంకొకటి వచ్చి ఆ బ్యాంకునీ మింగింది. ఈసారి ఆయనది రెండువేల మూడువందల పదహారు. బోర్డు ముందు నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అద్దాలు తుడిస్తే అంకె మారదు సార్" అన్నాడు పక్కనున్న అటెండరు. పాపం, ఓదార్చుదామనే అన్నాడు.

రిటైర్మెంటుకి ఏడు నెలలుందనగా పైఆఫీసు నుంచి కవరొచ్చింది. ఆయన్ని పనిచేస్తున్న శాఖకే మేనేజరుగా వేశారని మొదటి పేజీలో ఉంది.  పేజీ తిప్పకుండానే ఇంటికి ఫోన్ చేసి చదివి వినిపించాడు.  ఆవిడ ఇంక ఆగలేదు, గంటలో తమ్ముడితో సహా చుట్టాలందరికీ చెప్పేసింది.

రెండో పేజీ ఆ తర్వాత చదివాడు. ఎదుటి వీధిలో ఆ పెద్ద బ్యాంకుకే ఉన్న ఇంకో శాఖలో ఈ శాఖని నెలాఖరుకి కలిపేస్తున్నారు. ఆ పని పూర్తి చెయ్యడమే కొత్త మేనేజరు బాధ్యత. ఆ పైన ఆయన అక్కడ మామూలు ఆఫీసరే. నెలాఖరుకి ఇరవై రెండు రోజులుంది. మూతపడే శాఖలో కుర్చీ ఎవరికీ అక్కర్లేకే తన దాకా వచ్చిందని అప్పుడర్థమైంది.

ఇంటికెళ్ళి నిజం చెప్పడానికి నోరు రాలేదు. శాఖ ఎదుటి పెద్ద భవనంలోకి మారుతోందని మాత్రం చెప్పాడు.

"మిమ్మల్ని ఆ కుర్చీలో ఒక్కసారి చూడాలండీ. ఎప్పుడు రమ్మంటారు?" అని ఆవిడ రోజూ అడిగేది.

"కాస్త కుదురుకోనీవే" అనేవాడు ఈయన.

ఏం కుదురుకుంటాడు? మేనేజరుగా ఆయన పెట్టిన మొదటి సంతకం మూసివేత నోటీసు మీద. దాన్ని తనే గుమ్మానికి అంటించాడు. "ఇన్నాళ్ళూ బాగానే ఉంది, మీరు మేనేజరు కాగానే మూతపడిందేంటి సార్?" అని అడిగాడో పాత ఖాతాదారు. పదో రోజు ఫ్యాన్లు విప్పుకెళ్ళారు. చివరి రోజు ఆ కుర్చీనీ లారీ ఎక్కించారు. షట్టరు కిందికి లాగి తాళంచెవి అప్పగించాడు.

మర్నాడు కొత్త శాఖకి వెళ్ళాడు. అక్కడి మేనేజరు ఆయన కూతురి ఈడు పిల్ల. లేచి నిలబడి మరీ "కూర్చోండి సార్" అంది. ఆ మర్యాద ఆయన్ని మరింత కుంగదీసింది. "ఇబ్బంది లేకపోతే మూడో కౌంటరు చూస్తారా?" అంది. తలూపి వెళ్ళి కూర్చున్నాడు.

పదకొండింటికి భార్య ఫోన్ చేసింది.

"మీ గది బాగుందా అండీ?"

"బాగుంది."

"కిటికీ ఉందా?"

"ఉంది" అన్నాడు. ఆయన ముందున్నది కౌంటరు అద్దానికి కోసిన కంత.

"అయితే శుక్రవారం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తాను. ఇన్నేళ్ళు వెటకారం చేశాడు కదా, కళ్ళారా చూసి మరీ వెళ్ళాలి వాడు. ఇంక మీరు కుదరదంటే ఊరుకోను. రానా?"

కౌంటరు అవతల జనం వరస కట్టారు. ముందున్న మనిషి పాస్‌బుక్కు లోపలికి తోశాడు.

"రా" అన్నాడు ఆయన, ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేక.