నా బిడ్డ అమ్ముకుందన్న విత్తనాన్ని చూసొచ్చాను

నేను వేముల సాయమ్మను. డెబ్బై దాటినదాన్ని. ఊరు ఏన్కూరు దగ్గర. ఇంట్లో నేను, చిన్న కూతురు సుజాత, రెండు బర్రెలు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా ఊరి పంతులు రాస్తున్నాడు. సుజాత ఏళ్ల తరబడి అడవి ఊళ్లలో పడుచువాళ్లను సంఘాలుగా కూర్చి సాగు పనులు నేర్పుతోంది. సర్కారు పంచమన్న కొత్త వరి విత్తనాన్ని అమ్ముకుందని మొన్న ఆమెకు నోటీసు వచ్చింది. నౌకరి పోయేటట్టుంది. ఏంది సంగతని అడిగితే నోరు విప్పదు. ఆ విత్తనం ఇచ్చిన ఊరేదో నేనే చూసొద్దామని బయలుదేరాను.

తెల్లవారే మొదటి బస్సెక్కితే జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరేసరికి ఎండెక్కింది. అక్కడ బస్సు మారి, పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీద దిగి జీపు పట్టుకోవాలి. మనుషులు నిండితేగాని జీపు కదలదు, కిరాయి ముందే మాట్లాడుకోవాలి. డ్రైవర్ నన్ను చూసి, "ఒక్కదానివే అడవిల ఏం జేస్తవ్ అవ్వా?" అన్నాడు. "కొట్లాట" అన్నాను. నవ్వి, ఆ ఊరి వాగు దగ్గర దించి పోయాడు.

వాగు దాటి ఊరి పొలాలు చూశాను. వానలు పడినా ఒక్క మడిలోనూ నారు పోయలేదు. నా బిడ్డ నిజంగానే అమ్ముకుందా అని కోపమొచ్చింది. ఆ కోపమంతా ఊరి పెద్ద లచ్చుమయ్య మీద వెళ్లగక్కాను. ఆయన అంబలి ఇప్పించి, తాగేదాకా ఆగి, దేవర కొట్టం తలుపు తీశాడు. లోపల వెదురు గుమ్మి నిండా విత్తనపు వడ్లు! సుజాత ఇంటికి గుప్పెడు తెచ్చి చూపిన సన్నగింజే.

విత్తనాల పండుగ చేసి, దేవరకు మొక్కి, ఇంటింటికీ పంచాకే వాళ్లు చల్లుతారట. అందాకా పరాయివాళ్ల కంట పడనియ్యరట. తనిఖీకి వచ్చిన సారుకు చల్లలేదని చెప్పారేగాని గుమ్మి చూపలేదు. దాంతో ఆయన సుజాతే అమ్ముకుందనుకున్నాడు.

"నా బిడ్డకు ఎరుకేనా?" అన్నాను.

"ఎరుకే. సారుకు చూపిస్తమంటే ఆమెనే వద్దన్నది. నా నౌకరి కోసం మీ దేవర మాట దాటొద్దన్నది."

 మరి నాకెందుకు చూపావని అడిగాను.

"ఆమెను గన్నదానివి, నువ్వు పరాయిదానివెట్లయితవ్? పా పోదాం, నేను గూడ వచ్చి సాక్ష్యం చెప్త."

ఇంటికొచ్చి సుజాతను నిలదీశాను. "సారు ముంగట గుమ్మి తీపిస్తే, రేపు ఆ ఊళ్లె నా మాట ఎవరింటరమ్మా?" అంది. ఇన్నాళ్లూ నా బిడ్డ చెప్పడానికే పోతోందనుకున్నాను. వాళ్ల పండుగ దాకా ఆగడానికి కూడా పోతోందని ఇప్పుడు తెలిసింది.  విచారణకు వచ్చే సార్లు పండుగయ్యాక వచ్చి మడులు చూడండి. అడవి ఊళ్లకు పోయేవాళ్లు వానాకాలంలో పొద్దు వాలకముందే వాగు దాటి తిరిగి రండి. పొంగితే ఆ రాత్రికి అక్కడే ఆగాలి.

కళ్లతో చూసిందే చెప్పాను.

వేముల సాయమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: లచ్చుమయ్య, ఊరి పెద్ద, వేలిముద్ర. సారమ్మ, ఆ ఊరి యువజన సంఘం, సంతకం. ఇద్దరూ వాగు దాటి వచ్చి వేశారు.