రెండు చేతులూ లేచిన వాక్యం

ముందు గొంతు వినిపిస్తుంది. మూసిన తలుపు వెనక, రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదువుకునే గొంతు. తర్వాతే కోర్టక్క కనిపిస్తుంది. పత్రికకు కోర్టు వార్తలు రాసే ఆమెకు ఆఫీసు పెట్టిన పేరది. ఆమె గురించి రాద్దామని వెళ్లిన నాకు ఒక పాత కేసు సంగతి చెప్పింది.

థీమ్ పార్కులో రంగులరాట్నం మీంచి పడి ఒకాయన చెయ్యి విరిగింది. కేసు కోర్టుకెక్కింది. ఆమె రాయడం మొదలెట్టగానే రెండు వైపులా నిందలే.

"మీ ఆయన ఆ పార్కులోనే బొమ్మరైలు నడుపుతాడటగా, మా గోడు మీకేం పడుతుంది?" అన్నాడు చెయ్యి విరిగినాయన.

"మా మీద కక్షగట్టి రాస్తున్నారు" అన్నాడు పార్కు మేనేజరు.

ఈ కేసు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు ఎడిటర్. అయినా ఆమె ఇద్దర్నీ ఆఫీసుకు, ఎడిటర్ ముందుకే పిలిపించింది.

"మా ఆయన ఉద్యోగం సంగతి వార్త కిందే వేస్తున్నాను. ఇక వినండి. అబద్ధం ఎక్కడుంటే అక్కడ చెయ్యెత్తండి."

కిటికీలోని ఎండ కాగితం మీదికి పాకింది. ఆమె చదువుతూ పోయింది. "సీటు బెల్టు పాడైనట్టు ముందే తెలుసని పార్కు, రాట్నం తిరుగుతుండగా లేచి నిలబడ్డానని బాధితుడు కోర్టులో ఒప్పుకున్నారు."

రెండు చేతులూ ఒక్కసారే లేచాయి.

"ఇది అబద్ధమా?"

"అబద్ధమని కాదండీ," మేనేజరు నసిగాడు, "మా ముక్క తీసేస్తే..."

"ఆ ముక్కే ఉంచండి, నాది తీసెయ్యండి!" అన్నాడు రెండో ఆయన, కట్టు లేని చెయ్యి ఊపుతూ.

ఎడిటర్ పగలబడి నవ్వాడు. "కేసు నీదే అక్కా. ఒక్క అక్షరం కూడా మార్చకు!"

ఆ మర్నాడు వార్త మొదటి పేజీలో వెలిగింది. ఇదంతా చెప్పి, ఆమె నన్ను తలుపు దాకా సాగనంపింది.

"నా గురించి రాసింది కూడా ఓసారి పైకి చదివి వినిపించు నాయనా. చెయ్యెత్తాలో వద్దో చూస్తాను."