మిషనుకు బొట్టు పెట్టిన రోజు

ఆ రోజుల్లో కంప్యూటరు కోర్సు చేసినవాళ్ళకు రాని పనే ఉండదని జనం నమ్మేవారు. నేనైతే మరీ నమ్మేదాన్ని. ఒంగోలులో మా నాన్న వడ్రంగి షెడ్డుకు సీఎన్‌సీ మిషన్ వచ్చినప్పుడు, "కంప్యూటర్లో బొమ్మ గీస్తే చాలు నాన్నా, అదే చెక్కేస్తుంది, నేను నడుపుతా" అన్నాను. మిషన్ అమ్మినతను గబగబా నేర్పి వెళ్ళాడు (నేను తల మాత్రం బాగా ఊపాను). నాన్న ఒకటే చెప్పాడు: "పర్చూరు చర్చివాళ్ళ పుల్పిట్, అదే ప్రసంగం చెప్పే బల్ల, నువ్వే చెక్కు. బాగా వస్తే మిషన్ నీది. చెడిందా, జెరాక్స్ షాపులో చేరుదువుగాని." రోజంతా ఎవరెవరివో రేషన్ కార్డులు తిరగేస్తూ నిలబడటమంటే నాకు చచ్చేంత చిరాకు.

మొదలుపెట్టే రోజు పాస్టరుగారు స్వయంగా చూడ్డానికొచ్చారు. అప్పటికే మా నాయనమ్మ తలస్నానం చేసొచ్చి మిషనుకు పసుపు రాసి బొట్లు పెట్టేసింది. మా ఇంట్లో కొత్త రంపమొచ్చినా అంతే. మూలనున్న ఇత్తడి బిళ్ళ మెరుస్తోందని దానికి మరీ దట్టంగా పట్టించింది. ఎంత లోతుకు దిగాలో లెక్క తెలియడానికి కోసే బిట్ ముందు ఆ బిళ్ళ మీదికే దిగుతుంది, తాకగానే దాన్లోంచి కరెంటు అంది మిషను ఆగాలి. ఎండిన పసుపులోంచి కరెంటేం అందుతుంది? నేను బటన్ నొక్కాను. బిట్ దిగింది, తాకింది, ఆగలేదు, టప్పున విరిగింది.

"దిష్టి!" అంది నాయనమ్మ.

"జెరాక్స్" అన్నాడు నాన్న.

వంగి చూస్తే బిళ్ళంతా పచ్చగా ఉంది. "ఈ పసుపు తుడిచేస్తే చాలు" అన్నాను.

"శుభమా అని పని మొదలుపెడుతూ బొట్టు చెరుపుతావటే!" అని నాయనమ్మ అడ్డంగా నిలబడింది. తల్లి మాట కాదనే ధైర్యం నాన్నకు లేదు, నాకసలే లేదు. పాస్టరుగారు రుమాలు తీశారు. "మామ్మగారూ, నేను తుడిస్తే పర్లేదాండీ?"

నాయనమ్మ బాగా ఆలోచించింది. "మీరైతే తుడవండి. మీకా పట్టింపు లేదుగా" అని పక్కకు జరిగింది.

కొత్త బిట్ బిగించాను. ఈసారి బిళ్ళను తాకి బుద్ధిగా ఆగింది. సాయంత్రానికి టేకు చెక్కమీద ద్రాక్షగుత్తులు తేలాయి. పాస్టరుగారు వాటిని తడిమి చూసి, "కుర్చీలు కూడా కావాలండీ, ఎప్పటికిస్తారు?" అని నాన్ననడిగారు.

"నన్నడుగుతారేంటండీ? మిషను మా అమ్మాయిది" అన్నాడు నాన్న, చొక్కామీద పొట్టు దులుపుకుంటూ.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా నుదురు చిట్లించి, "ఇప్పుడు చాలా బిజీగా ఉన్నామండీ, చూసి చెబుతాను" అన్నాను. చేతిలో ఇంకో పని లేదు! ఇప్పుడు నిజంగానే తీరిక దొరకక అందరికీ అదే మాట చెబుతున్నాను గానీ, ఆ రోజున్నంత గర్వంగా మళ్ళీ ఎప్పుడూ అనలేకపోయాను.